ఖర్జూరం చెట్టు కింద అమెరికా

ఈ సాయంత్రం నన్ను ఆట నుంచి రిటైర్ చేశారు. ప్రతి శుక్రవారం దుబాయ్ అల్ కుసైస్‌లో మా లేబర్ క్యాంపు వెనక ఇసుక నేలలో ఫుట్‌బాల్ ఆడతాం. ఒకప్పుడు గోల్స్ కొట్టేవాణ్ణి నేనే. పోయిన నెల నన్ను గోల్‌కీపర్‌ని చేశారు. ఈ రోజు బూట్లు కట్టుకుంటుంటే, మా రూములో ఉండే కడప రఫీ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అన్నా, నువ్వింక అమెరికాకు పో. వయసైపోయిన పెద్ద పెద్ద ప్లేయర్లంతా ఆడికే పోతాండారు గదా. ఉరికేది తక్కువ, చప్పట్లు జాస్తి."

"అమెరికా యాడుందిరా?" అన్నాను.

"ఆ ఖర్జూరం చెట్టు కింద. యల్లా, లెయ్ లెయ్, ఈ ఫోన్లు పట్టుకో."

ఆడేవాళ్ళ ఫోన్లు ఆడనివాడి దగ్గర పెట్టడం మా అలవాటు. అన్నీ ఒళ్ళో వేసుకుని చెట్టు కింద కూర్చున్నాను. సెలవు రోజు కదా, ఊళ్ళ నుంచి ఒకటే కాల్స్. ఒకదాని మీద 'అమ్మీ', ఇంకోదాని మీద 'ఇల్లు'. పైకెత్తి చూపిస్తే, తర్వాత చేస్తామని ఆడుతూనే చేతులూపారు. నా ఫోను కూడా వాటి మధ్యే ఉంది. పాడైందేమోనని రెండుసార్లు తీసి చూశాను. సిగ్నల్ నిండుగా ఉంది.

చప్పట్ల సంగతి మాత్రం రఫీ అబద్ధం చెప్పాడు.

ఇది చదివేవాళ్ళలో నా నంబరున్నవాళ్ళు వచ్చే శుక్రవారం ఆట మొదలయ్యాక ఒక మిస్‌డ్ కాల్ ఇవ్వండి. ఎత్తి మీకు ఖర్చు పెట్టించను. మోగితే చాలు.