పంపిస్తానన్న ప్రోగ్రాము

తిరుపతి నుంచి సత్యవేడు వెళ్లే బస్సులో పక్క సీటులో కూర్చున్న ఆవిడ నా ల్యాప్‌టాప్‌ వైపు తొంగిచూసింది.

"పీహెచ్‌పీ కదా సార్? పెండ్లికి ముందు చిత్తూరులో నేర్చుకుంటి. ఈడ సిగ్నలే లేదే, సర్వరు యాడుండాది?"

సర్వరు అక్కర్లేదనీ, వెబ్‌అసెంబ్లీ అనే కొత్త పద్ధతి వల్ల ఆ ప్రోగ్రామింగ్ భాష మొత్తం బ్రౌజర్‌లోనే నడుస్తుందనీ గర్వంగా చెప్పాను. ఆ భాషలో ప్రోగ్రాము రాసి అక్కడే నడిపి చూసుకునే ఆ పేజీ నేను తయారుచేస్తున్నదే. ఆమె అడిగితే ల్యాప్‌టాప్ ఇచ్చాను. మరిచిపోయినవి గుర్తు తెచ్చుకుంటూ, తప్పులు దిద్దుకుంటూ అరగంటసేపు టైపు చేసింది. పుట్టినతేదీ ఇస్తే అది ఏ వారమో చెప్పే చిన్న ప్రోగ్రాము. అది నడవగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ల్యాప్‌టాప్ తిరిగి తీసుకున్నాక అలవాటుకొద్దీ పేజీ రీఫ్రెష్ చేశాను. సర్వరు ఎలాగూ లేదు, రాసింది దాచే ఏర్పాటు నేనింకా పెట్టలేదు. అంతా పోయింది. ఆమె అప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తోంది.

పుత్తూరులో దిగబోతూ తన నంబరు చెప్పింది. "దాన్ని నాకు పంపించండి సార్. మా ఆయనకు సూపించాల."

"పంపిస్తాను" అన్నాను.

ఆ వారమే పేజీని మార్చాను. ఇప్పుడు ఎవరు రాసినా ఒక్క అక్షరం పోదు. ఆమెకు మాత్రం ఇంతవరకూ ఫోన్ చేయలేదు.