ఏడవని అక్క

రెండువేల సంవత్సరం దాటాక, సాలూరులో హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఒక కార్యక్రమం వచ్చేది. మొగుడూ పెళ్లాలు వచ్చి, తమ గొడవలు ఒక పెద్దావిడ ముందు చెప్పుకునేవారు. ఎవరు ఏడిస్తే వాళ్లదే నిజమని మా గది గదంతా తేల్చేసేది. ఏడవకుండా మాట్లాడిన ఆడమనిషిని చూసి, “బాబోయ్, గుండెలు తీసిన మనిషి!” అనుకునేదాన్ని. తీర్పులు చెప్పడం నాకు బాగా వంటబట్టింది.

వేసవి సెలవులకు కొండమీది మా ఊరు వెళ్లేసరికి, అక్క మొగుణ్ని వదిలి వచ్చేసి ఉంది. గుమ్మంలో కూర్చుని అడ్డాకులతో విస్తళ్లు కుడుతోంది. ఆకు మీద ఆకు పెట్టి సన్నటి వెదురుపుల్ల గుచ్చుతూనే, “ఆడు కొడతన్నాడు. నానెల్లను,” అంది, సంతలో బేరం చెప్పినంత మామూలుగా. కంట్లో తడి లేదు.

ఉంచుకోవాలో పంపాలో నాన్నకు తోచలేదు. నా వైపు తిరిగాడు.

“సదువుకున్న గుంటవి. నువ్వు సెప్పే, ఏటి సేద్దుం?”

అడిగిందే చాలని పొంగిపోయాను. “అంత కట్టముంటే ఏడవదేటి నాన్నా? ఇదే ఏదో సేసుంటది,” అన్నాను. నా నోరు పడిపోను! అక్క వింటూనే ఉంది. తల ఎత్తలేదు.

“అయితే రేపు సంత జీపులో దింపేత్తాను,” అన్నాడు నాన్న.

అక్క పక్కనున్న విస్తళ్లు అమ్మ ఒక్కొక్కటీ తీసి వెలుతురుకు ఎత్తిపట్టి చూసింది. అక్క కుట్టిన విస్తట్లో పులుసు పోసినా చుక్క కారదని ఊళ్లో పేరు. వీటి నిండా సందులే. పుల్లలు వంకరటింకరగా దిగాయి, ఆకులు చిరిగాయి. అమ్మ ఒక విస్తరి నాన్న చేతిలో పెట్టింది.

“ఇది దీని సేతి పనేనా? సేతులెలా వొణుకుతన్నాయో సూడు. ఇదెక్కడికీ ఎల్లదు.”

నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంక జీపు మాట ఎత్తలేదు.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంతసేపూ ఎదురుగా కూర్చుని నేను చూసింది అక్క ముఖం ఒక్కటే. అలా చూడడం టీవీ ముందే అలవాటైందని అప్పుడే తట్టింది. సాయంత్రం అక్క పక్కన చేరి ఆకులు ఏరుతుంటే, నా వైపు చూడకుండానే అడిగింది.

“నానేడిస్తే నమ్మీదానివేటే?”

నమ్మేదాన్నే. ఏరిన ఆకులు అక్క ముందుకు జరిపాను.