మా ఆయన పేరు మీద విరాళం

బావ నన్ను “అమ్మా, మీరు” అన్నప్పుడే నాకు భయం మొదలైంది. మధ్యాహ్నం రెండున్నర అయింది. బాబుకి పెరుగన్నం కలుపుతూ ఫోన్ స్పీకర్లో పెట్టాను. అక్క పెళ్లయిన ఈ పదమూడేళ్లలో ఆయన నన్ను “ఏందే మరదలా” అని తప్ప పలకరించిన రోజు లేదు. ఆ రోజు మాత్రం గొంతు సవరించుకుని, వార్తలు చదివే మనిషిలా ఒక్కో మాటా విడదీసి అడిగాడు.

“అమ్మా, ఆ చెక్కు మీరూ మీ వారూ మీ సొంత ఇష్టంతోనే పార్టీకి ఇచ్చారు కదా?”

“అవును బావా,” అన్నాను. ఆయన ఏమడిగినా అవుననడం మా ఇంట్లో అందరికీ అలవాటు. “థాంక్సమ్మా,” అని పెట్టేశాడు.

బావకు ‘గారు’ తగిలించి రాయడం ఇప్పుడు నాకు చేతకావడం లేదు. పిల్లలు పడుకున్నాక రాస్తున్నాను. పగలైతే ఈ కోపంతో గిన్నెలు పగలగొడతాను.

ఆయన బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తాగా మొదలయ్యాడు. టమాటా లోడుతో వచ్చిన రైతులకు చాయ్ తాగించి, ఎవరికి అప్పుంది, ఎవరు భూమి అమ్ముకునేలా ఉన్నారు, ఎవరి అన్నదమ్ములు కొట్లాడుకుంటున్నారు అని ఆరా తీసేవాడు. మొదటి ఎకరం అలా దొరికింది. తర్వాత ప్లాట్లు, మౌలాలి వైపు రెండు అపార్ట్‌మెంట్లు. ఆ తర్వాత నాయకులు దొరికారు. ఎన్నికలొస్తే ఫంక్షన్ హాల్లో బిల్డర్లందరికీ బిర్యానీ పెట్టి, ఒక్క భోజనంలో పార్టీకి కావలసింది పోగుచేసి పంపేవాడు. బదులుగా ఆయన వెంచర్ పక్కనే రోడ్డు పడేది. అక్క మెడలో గొలుసు మారేది. మేమంతా దాన్ని దేవుని దీవెన అనుకున్నాం.

తన డబ్బు ఇంకొకరి పేరున ఇచ్చే విద్య ఆయన మా చర్చిలోనే నేర్చుకున్నాడు. ఏటా కోత పండుగకి మేం పండించినవీ వండినవీ తెచ్చి బలిపీఠం ముందు పెడతాం. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వచ్చింది సంఘానికి కానుక. ఒక గుమ్మడికాయ మీద బావ పాట మొదలుపెడితే ఇంకెవరూ ఆయన్ని దాటలేరు. పాస్టరుగారు “ఎవరి పేరున?” అని అడిగితే బావ వెనక వరసలో కూర్చున్న ఏ విధవరాలి వైపో చెయ్యి చూపేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. మా పాప పుట్టిన ఏడు నా పేరు చెప్పించాడు. నేను ఏడ్చేశాను. ఒకరు మన పేరున కానుక ఇస్తే వద్దనడం మా దగ్గర లేదు. వద్దంటే ఇచ్చినవాళ్లను అవమానించినట్టు.

కాబట్టి ఎన్నికల ముందు ఆయన వచ్చి, “మరదలా, మీ జాయింట్ అకౌంట్ల జెర పైసలేస్త. పార్టీకి ఒక చెక్కు రాసియ్యి. పైసలు నావి, పేరు మీది, దీవెన ఇద్దరిదీ,” అంటే నవ్వి సంతకం పెట్టేశాను. ఆ ఖాతాలో మొదటి పేరు మా ఆయనది. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో టెక్నీషియన్. ప్రభుత్వ ఉద్యోగి పార్టీకి చందా ఇవ్వకూడదు. డిగ్రీ చదివాను. ఈ సంగతి నాకు తెలియక కాదు, ఆ నిమిషాన గుర్తుకే రాలేదు. మా ఆయనకు చెప్పాలని కూడా అనిపించలేదు.

ఫోనొచ్చిన సాయంత్రమే మా ఆయన ఆఫీసు కాగితం తెచ్చారు. పార్టీ దాతల జాబితాలో ఆయన పేరు చూసి ఎవరో ఫిర్యాదు చేశారట. పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. బూట్లు కూడా విప్పకుండా కూర్చున్నారు.

“నేనెప్పుడిచ్చాను?”

చెప్పాను. మొత్తం విన్నారు.

“నన్నొక్క మాట అడగలేకపోయావా?”

అంతే అన్నారు. అరిచినా బాగుండేది. ఆ ఉద్యోగం పోతే క్వార్టర్ పోతుంది. బాబు ఆయాసానికి రైల్వే ఆసుపత్రి మందులు పోతాయి. చలికాలం వాడు రాత్రంతా నా భుజం మీదే ఊపిరి తీసుకుంటాడు.

ఎనిమిదింటికి బావా అక్కా వచ్చారు. పిల్లలు ఆయన మీదికెక్కారు. వాళ్లని లోపలికి పంపి తలుపేశాను.

“గింతదానికే గట్ల మొహం పెడ్తవేందే మరదలా?” మళ్లీ పాత పిలుపుకొచ్చాడు. “తమ్మీ, నా ఇష్టంతోనే ఇచ్చిన అని రాసెయ్యి. పైన మనోళ్లున్నరు, ఫోన్ కొట్టిస్త.”

“నేను ఇవ్వలేదు కదన్నా,” అన్నారు మా ఆయన.

“చెక్కు మీద సంతకం నీ పెండ్లాందే. మేమే ఇచ్చినమని ఫోన్ల నాకు చెప్పింది సుత.”

“రికార్డు చేసుకున్నారా బావా?” అన్నాను.

“బిజినెస్ల అన్నీ పెట్టుకోవాలె. తప్పేంది?”

అక్క నా చెయ్యి పట్టుకుంది. “ఇంట్లో మాట బయటికి పోనీయకే. ఉద్యోగం పోతే బావే ఆఫీసులో పెట్టుకుంటడు.”

“అవ్. మా సైట్ల లిఫ్టులు సూస్కుంటడు. అండ్ల ఎక్కుడు దిగుడే, తక్లీఫ్ ఏముంది?” అని నవ్వాడు.

మా ఆయన తల వంచుకున్నారు. ఆ తల చూశాక నాకు ఒళ్లు మండిపోయింది.

“మీ డబ్బుకి మీ పేరే పెట్టుకోవచ్చు కదా బావా? మా పేరెందుకు?”

“నా పేరుంటే రేపు గవర్నమెంట్ మారితె నా ఫైళ్లు ఆగుతయ్. పైసలు నావని నేనైతె రాసియ్య,” అన్నాడు, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

అంటే ఆయన ఫైళ్లకు ముప్పు రాకూడదని మమ్మల్ని అడ్డం పెట్టుకున్నాడు. ఇన్నేళ్లూ చప్పట్లు కొట్టిన నా చేతుల మీద నాకే అసహ్యం వేసింది.

“లేవండి బావా. ఇంక మా ఇంటికి రాకండి.”

“ఏందే, పెద్దోళ్లతోటి గట్లనేనా మాట్లాడేది?” అంది అక్క. ఏడుస్తూనే ఆయన వెనక మెట్లు దిగింది. నేను ఆపలేదు.

ఆ రాత్రే మా ఆయన సంజాయిషీ రాశారు. నేను వేరే కాగితం మీద, సంతకం నాది, డబ్బు మా అక్క భర్తది, మా ఆయనకు తెలియదు అని రాశాను. ఆ రాతతో అక్క నాకు దూరమవుతుందని తెలిసే రాశాను. విచారణ ఇంకా నడుస్తోంది. ఏమవుతుందో తెలియదు. తలుపు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడుతున్నాను.

వాళ్లు వచ్చి వెళ్లిన మర్నాడు పొద్దున జడ వేస్తుంటే పాప అడిగింది, “రాత్రి పెద్దమ్మ ఎందుకేడ్చింది?” బాబు పాలగ్లాసు పట్టుకుని నన్నే చూస్తున్నాడు.

చిన్నపిల్లలకెందుకులే అని దాటేయబోయి ఆగాను. ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను.

“పెదనాన్న తన డబ్బు నాన్న పేరు మీద ఇచ్చాడు. నాన్నని అడక్కుండా నేను సంతకం చేశాను. మేమిద్దరం తప్పు చేశాం. నా తప్పు నేను కాగితం మీద రాసి నాన్న చేతికిచ్చాను. పెదనాన్న రాయడట. రాసేదాకా వాళ్లింటికి వెళ్లం.”

“రాయకపోతే?”

“వెళ్లం. ఈ ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చినా సరే, వెళ్లం.”