అత్త చేసే ద్రాక్షారసం

మా ఆయన నంద్యాలలో తాగుడు మాన్పించే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక నేను ఎక్కువ భయపడింది బ్రాందీ షాపులకు కాదు, మా చర్చికి. వినేవాళ్లకు నవ్వు రావచ్చు. ఆళ్లగడ్డలో ఆయన మోటార్ వైండింగ్ షాపుకు పోయే దారిలో మందు అంగళ్లున్నాయి. వాటిని తప్పించుకుని వెనక వీధిలో పోవడం ఆయనే నేర్చుకున్నాడు. చర్చిలో అలా కుదరదు. నెలలో మొదటి ఆదివారం ప్రభువు శరీరమని రొట్టె, రక్తమని ద్రాక్షారసం అందరికీ సంస్కారంగా ఇస్తారు.

ఆ సంస్కారానికి ద్రాక్షారసం చేసేది మా అత్త. అంతకుముందు వాళ్ల అత్త చేసేదట. నల్లద్రాక్ష, చక్కెర జాడీలో వేసి, మూతికి గుడ్డ కట్టి, వంటింటి మూలన నెల దాటేదాకా పులియబెడుతుంది. గుడ్డ విప్పితే వాసన వీధి గడప దాకా వస్తుంది. అది మత్తెక్కించే సరుకేనని మా సంఘంలో ఒక్కరికీ తోచదు. పాస్టరు అయ్యగారు దాన్ని ఒకే గిన్నెలో పోసి, మోకరించిన వాళ్ల పెదవులకు ఒక్కొక్కరికే అందిస్తారు. గిన్నె వద్దన్నవాడు ఏదో పాపం దాచుకున్నాడని లెక్క. ఆ సాయంత్రమే సంఘపెద్ద ఇంటికొచ్చి ఆరా తీస్తాడు.

ఆయన్ని ఇంటికి పంపేటప్పుడు నంద్యాల డాక్టరు ఒక్క గుక్క కూడా పనికిరాదని, దగ్గుమందు కొన్నా అందులో ఆల్కహాల్ లేదని అడిగి కొనాలని చెప్పాడు. తాగితే ఆ ఒక్క గుక్క, తాగకపోతే ఊరంతా గుసగుసలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో నాకు ఆ వారం తెలిసింది. చివరికి ధైర్యం చేసి, బియ్యం ఏరుకుంటున్న అత్త దగ్గర విషయం ఎత్తాను. ఆమె తల కూడా ఎత్తలేదు.

"అది ప్రభువు రక్తం, అమ్మే. సారాయి అనుకుంటాండావా? అది తాగి చెడిపోయినోన్ని యాడన్నా చూసినావా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ జాడీ దగ్గరికి పోయి వాసన చూడమని అనబోయి ఆగాను. కొడుకు జబ్బు పేరు ఆమె నోట ఎన్నడూ రాదు. వాడు ఇంటికొచ్చినాడు, ఇంక అంతా బాగైనట్టే అంటుంది.

ఆయన వారానికోసారి నంద్యాల వెళ్లి, తాగుడు మానిన వాళ్లతో కూర్చుని వస్తాడు. వాళ్లలో ఉయ్యాలవాడ రైతు ఒకాయన ఉన్నాడు. మానేసి చాలా ఏళ్లయింది. మా ఆయన ఎప్పుడైనా ఫోన్ చేయకుండా ఉంటే నన్ను చేయమని తన నంబరు నాకూ ఇచ్చాడు. ఆ రైతుకే చేసి గిన్నె సంగతి చెప్పాను. హిందువు కదా, ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒకటే నవ్వు. మీ దేవళంలోనే పోస్తారని తెలియక మేము ఊరికే అంగళ్ల చుట్టూ తిరిగినాం అన్నాడు. తర్వాత గొంతు మారింది.

"మా ఊరి జాతరలో అమ్మవారికి పోసిన సారాయి ప్రసాదమని ఇస్తే నేనూ వద్దన్నామ్మా. అమ్మవారు ఏమీ అనలే. మనుషులే అన్నారు. ఆదివారం నేనొస్తా. ఎనకాల కూసుంటా, అంతే."

అన్నట్టే తొలి బస్సుకు దిగాడు. నుదుట కుంకుమతోనే వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు. ఎప్పుడు లేవాలో తెలియక, అందరూ కూర్చున్నాక లేచి నిలబడుతున్నాడు. వేరే రోజైతే నేనూ నవ్వేదాన్ని. ఆ రోజు నా కళ్లన్నీ మగవాళ్ల వైపే. రసం తెచ్చే మనిషి కాబట్టి అత్త ఆడవాళ్లలో అందరికన్నా ముందు కూర్చుంటుంది. నేను నాలుగు వరుసల వెనక ఉన్నాను. మగవాళ్లను ముందు పిలిచారు. మా ఆయన వెళ్లి మోకరించాడు. నాకు వీపే కనిపిస్తోంది. అయ్యగారు గిన్నె పట్టుకుని వస్తూ ఆయన ముందు ఆగారు. కాసేపటికి అయ్యగారు పక్కాయన దగ్గరికి జరిగారు. తాగాడో లేదో తెలియలేదు. నా వంతు వచ్చి గుక్క మింగితే నాలుక చురుక్కుమంది. అత్త దేన్నీ మార్చలేదు.

రైతును బస్సెక్కించి వచ్చాక మా ఆయన అన్నానికి కూర్చున్నాడు. తాగావా అని అడగాలని ఉంది. కానీ గుచ్చి గుచ్చి అడగొద్దు, వాసన చూడొద్దు అని నంద్యాలలో నాకు మరీ మరీ చెప్పారు. అయినా వడ్డిస్తూ రెండుసార్లు ఆయన మీదికి వంగాను. నా నోరే ఆ వాసన కొడుతుంటే ఇంక ఏం కనిపెట్టేది?

సాయంత్రం సంఘపెద్ద రానే వచ్చాడు. మా ఆయన లోపలి గదిలో ఉన్నాడు. అరుగు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టగానే ఆ పెద్దాయన అత్తనే అడిగాడు.

"మీవోడు రొట్టె తీసుకుని గిన్నె వద్దన్నాడంటక్కా. ఏందీ సంగతి?"

ప్రాణం లేచొచ్చింది. సంతోషంతో తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆ వెంటనే మళ్లీ భయం. ఇన్ని నెలలూ అడిగినవాళ్లందరికీ కొడుక్కు సున్నిపెంటలో పని దొరికిందని చెప్పుకొచ్చిన మనిషి ఇప్పుడేం చెబుతుంది? కడుపులో పుండని అంటుందేమో, పై నెల తాగుతాడులే అని మాటిస్తుందేమో అనుకున్నాను. అత్త కొంగుతో చేతులు తుడుచుకుంది.

"వానికి తాగుడు జబ్బప్పా. సున్నిపెంటకు పోలే, నంద్యాలకు పోయి మానుకోని వచ్చినాడు. నేనే అబద్ధం చెప్పినా."

పెద్దమనిషి మరి గిన్నె సంగతి అంటూ ఏదో నసిగాడు.

"నా కోడలు ముందే చెప్పింది, నా తలకు ఎక్కలే. అందరి ముందర వాడు తల తిప్పుకుంటే అప్పుడు ఎక్కింది. వచ్చే నెల నుంచి పులియబెట్టకుండా ద్రాక్షలు ఉడకబెట్టి తెస్తా. వద్దంటే ఇంగెవరితోనన్నా చేయించుకోండి."

ఆయన సరే అనలేదు, కాదనలేదు. మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. సంఘం ఏమంటుందోనన్న దిగులు నాకు అప్పుడే మొదలైంది. లోపలికి వెళ్లాను. మా ఆయన మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. అన్నీ విన్నాడని భుజాలు చూస్తేనే తెలుస్తోంది.

"మాయమ్మ ఏమనింది?" అన్నాడు.

చెప్పాను.

"ఇంగోసారి చెప్పు."