పదకొండు గుమ్మాలు

టీకాల పెట్టె మూత తీసినప్పుడు చల్లని ఆవిరి ఒకటి ముఖానికి తగులుతుంది. ప్లాస్టిక్ వాసన, కరుగుతున్న మంచు వాసన, వాటి వెనక ఎక్కడో స్పిరిట్ వాసన. నర్సు ఉద్యోగంలో చేరి పన్నెండేళ్ళు దాటినా, ఆ చలి తగలగానే నాకు అప్పలనరసమ్మగారు గుర్తుకొస్తారు. నా మొదటి సూపర్‌వైజరు. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకుని, ఏ దేవుడికీ చేతులెత్తని మనిషి.

రెండు వేల పన్నెండులో ఎచ్చెర్ల అవతల, సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబాల ఊళ్ళో నాకు పోస్టింగు వచ్చింది. మాది విజయనగరం. నాన్న అక్కడ ఒక చిన్న గుడిలో అర్చకుడు. దైవభీతి లేనివాడు ఏ పాపానికీ వెరవడని ఆయన తరచూ అనేవారు. నేనూ అదే నమ్మి పెరిగాను. అందుకే అప్పలనరసమ్మగారి దగ్గర మొదట్లో కాస్త జంకుతూ మసిలేదాన్ని. ఆవిడ నెల్లిమర్ల జూటుమిల్లు కార్మికుడి కూతురు. యాభై దాటాయి. భర్త చిన్న వయసులోనే పోయాడు కాబట్టి దేవుడి మీద కోపం పెంచుకుందని తోటి స్టాఫు చెప్పుకునేవారు. ఒకరోజు అన్నాల దగ్గర ఆ మాట నేనే అడిగేశాను.

“కోపమేటే పిల్లా! ఉన్నోడి మీద కదా కోపం,” అని నవ్వారు. “మా ఆయన పోకముందు నుంచీ నేనింతే. సిన్నప్పుడు మాయమ్మ కళ్ళు మూసుకుని దండం పెట్టుకోమనీది. మూసుకుంటే నాకు సీకటే కనిపించీది.”

చేరిన ఏడాదిలోనే నా వల్ల ఒక తప్పు జరిగింది. శనివారం టీకాలు వేశాక మిగిలిన సీసాలను పెద్దాసుపత్రి ఫ్రిజ్‌కు తిప్పి పంపాలి. ఒక పోలియో చుక్కల సీసా నా సంచి అడుగున ఉండిపోయింది. బుధవారంనాడు తాజా సీసాలతో అది కలిసిపోయింది. ఆ సీసాల మీద ఒక గుండ్రటి గుర్తు, దాని మధ్యలో తెల్లని చదరం ఉంటాయి. వేడి తగిలితే ఆ తెలుపు నల్లబడుతుంది. నల్లబడితే మందులో సత్తువ లేనట్టే. ప్రతిసారీ చూసుకుని మరీ తెరవాలి. ఆ రోజు జనం ఎక్కువై నేను చూడలేదు. ఆ సీసాలోంచి పదకొండు మంది పిల్లలకు చుక్కలు వేశాక, అన్నీ సర్దుకుంటూ చూశాను. చదరం నల్లగా ఉంది.

ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం శ్రీకాకుళంలో నా అద్దెగది పక్కనున్న గుడికి వెళ్ళి, ఆ పిల్లలకు ఏ ఆపదా రాకుండా చూడమని ఏడ్చాను. నూట ఎనిమిది కొబ్బరికాయలు మొక్కుకున్నాను. బయటికి వచ్చేసరికి గుండె బరువు దిగినట్టే అనిపించింది. అన్నం తిన్నాను, హాయిగా నిద్రపోయాను కూడా. సీసాను పారేయడానికి మాత్రం చెయ్యి రాలేదు. మర్నాడు అప్పలనరసమ్మగారు నా ముఖంలోకి చూసి “ఏటైనాదే?” అనగానే, సంచిలోంచి తీసి ఆవిడ చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాను.

“నూట ఎనిమిది కొబ్బరికాయలు మొక్కుకున్నాను మేడం,” అన్నాను చివరికి.

“ఎవరికి?”

“స్వామికి.”

“సుక్కలు తాగింది స్వామేటి?”

ఆ గొంతులో వెటకారం లేదు. తెలియకే అడుగుతున్నట్టు అడిగారు. నేను మాట మార్చి, “వచ్చే వారం వాళ్ళను పిలిచి, అదనపు చుక్కలని చెప్పి మళ్ళీ వేసేద్దాం మేడం. నిజం తెలిస్తే ఇంక ఊళ్ళో ఎవరూ టీకాలకు రారు,” అన్నాను. ఆ భయం వట్టిది కాదు. కొన్నేళ్ళ కిందటి వరకూ ఆ ఊళ్ళో మమ్మల్ని చూస్తే తలుపులు వేసుకునేవారట. ఇల్లిల్లూ తిరిగి వాళ్ళను టీకాల సెంటరుకు అలవాటు చేసింది ఆవిడే. అంతా పోతుందని ఆవిడకు నాకంటే బాగా తెలుసు. చాలాసేపు సీసాను వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నారు.

“పిల్లలకి మందు పడతాది, నిజమే. తల్లులకి అబద్ధం పడతాది,” అని లేచారు. “పద.”

పదకొండు ఇళ్ళకూ నడిచాం. ప్రతి గుమ్మం ముందూ ఆవిడ అవే మాటలు చెప్పారు. “బుధవారం నీ బిడ్డకేసిన సుక్కలు పాడైపోనాయి. తప్పు మాది. బిడ్డకి హాని లేదు గాని, మందు పన్చెయ్యదు. మళ్ళీ వేయించాల.” ఆ పైన నా వైపు చూసేవారు. “నేనే చూసుకోలేదమ్మా,” అని నేను చెప్పాలి. తరవాత సీసా చూపించి, మంచి మందును ఆ గుర్తు చూసి ఎలా పోల్చుకోవాలో వివరించేవారు. కొందరు సరేనన్నారు. కొందరు నోటికొచ్చినట్టు తిట్టారు. ఎర్రమ్మ అనే ఆమె మాత్రం తిట్టలేదు. మూడు కాన్పులు పోయాక దక్కిన బిడ్డ ఆమెది.

“మీరు సెప్పకపోతే నాకు తెలిసీదా?” అంది.

“తెలిసీది కాదు,” అన్నారు ఆవిడ.

“మరి ఇన్నాళ్ళూ ఎన్ని సెప్పకుండా దాసినారో నాకేటి తెలస్తాది?” అని బిడ్డను ఎత్తుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఇసకలో నడుస్తూ, కొంత ఉక్రోషంతోనే అడిగాను. “దేవుడు చూస్తున్నాడన్న భయం కూడా మీకు లేదు కదా మేడం. మరి ఇదంతా ఎందుకు?”

ఆవిడ చెప్పుల్లో ఇసక దులుపుకోవడానికి ఆగారు. “నీకు గుడున్నాది. ఎల్లి సెప్పుకుంటే ఆయన క్షమించేస్తాడు, నీకు నిద్దరొస్తాది. నాకు ఆ దారి లేదే పిల్లా. ఎవరికి తప్పు సేసేనో వోళ్ళ దగ్గరికే ఎల్లాల. వోళ్ళు తలుపేసుకుంటే బయట నిలబడాల. అంతే.”

ముందురోజు రాత్రి నేను నిద్రపోయిన సంగతి ఆవిడకు చెప్పలేదు.

పై ఆఫీసుకు ఆవిడ రాసిన కాగితంలో నా పేరు ఉంది, పర్యవేక్షణ లోపమని ఆవిడ పేరూ ఉంది. నా పేరు తప్పిస్తారేమోనని లోలోపల ఆశపడ్డాను. తప్పించలేదు. ఇద్దరికీ మెమోలు వచ్చాయి. అన్నేళ్ళ సర్వీసులో ఆవిడకు అదే మొదటిది.

తరవాతి బుధవారం సెంటరు సగం ఖాళీ. పదిమంది పిల్లలకు ఎలాగో మళ్ళీ చుక్కలు పడ్డాయి. ఎర్రమ్మ రాలేదు. అప్పలనరసమ్మగారు ప్రతివారం పనయ్యాక ఆమె గుమ్మం ముందు నిలబడి ఒక్కసారి పిలిచేవారు. పలకకపోతే వచ్చేసేవారు. నన్నూ వెంట తీసుకెళ్ళేవారు. ఏడో వారమో ఎనిమిదో వారమో, ఎర్రమ్మ తనంతట తనే వచ్చి వరసలో నిలబడింది. తన వంతు రాగానే నా చేతిలోని సీసా లాక్కుని, వెలుతురుకు పట్టి, గుర్తును చూసింది. “తెల్లగున్నాది,” అని వెనకవాళ్ళకు చెప్పి, బిడ్డ నోరు తెరిచింది. అప్పటి నుంచి ఆ ఊళ్ళో గుర్తు చూడకుండా ఏ తల్లీ చుక్కలు వేయించలేదు. మమ్మల్ని నమ్మడం లేదని నేను చిన్నబుచ్చుకుంటే, “సూడనీ. బిడ్డలు వోళ్ళవి కదా,” అన్నారు ఆవిడ.

సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు ఇదంతా నాన్నకు చెప్పాను. ఆయన గుడి కుందులు తోముతున్నారు. విని, తోముతూనే ఉండి, “ఆవిణ్ణి ఒకసారి భోజనానికి పిలవమ్మా,” అన్నారు. ఆవిడ వచ్చారు. నాన్న స్వయంగా వడ్డిస్తూ, “స్వామి ప్రసాదమండీ, మీకు అభ్యంతరం లేకపోతేనే,” అన్నారు మొహమాటంగా. “పులిహోరతో నాకేటి గొడవ పంతులుగారూ, ఇంకొంచెం వెయ్యండి,” అన్నారావిడ. నాన్న అంత గట్టిగా నవ్వడం నేను అరుదుగా చూశాను. దైవభీతి గురించిన మాట ఆయన నోట మళ్ళీ వినలేదు. మానేశారో, నా ఎదుట మానేశారో తెలియదు.

అప్పలనరసమ్మగారు రిటైరై, నెల్లిమర్లలోనే ఉండి, మూడేళ్ళ కిందట పోయారు. మంత్రాలు వద్దని ముందే చెప్పారట. ఎవరూ చదవలేదు. నేను ఇప్పటికీ రోజూ పూజ చేస్తాను. దేవుడున్నాడనే నమ్ముతాను. ఆవిడ సంగతి ఆయన ఎలా తేలుస్తాడోనన్న బెంగ మాత్రం నాకు ఎప్పుడూ కలగలేదు.

కిందటి నెల, బిడ్డ టీకాల కార్డు మరిచిపోయి వచ్చిందని ఒక చిన్న వయసు తల్లిని అందరి ముందూ కసిరాను. ఆమె కళ్ళనీళ్ళతో వెళ్ళిపోయింది. మర్నాడు పూజలో ఆ మాట స్వామికి చెప్పుకోబోయి ఆగిపోయాను. చెప్పుకుంటే తేలికైపోతుందని నాకు తెలుసు. హారతి ఇచ్చి, బస్సెక్కి, ఆ అమ్మాయి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. లోపలికి రమ్మనలేదు. గుమ్మం బయటే నిలబడి చెప్పాను.