ఇద్దరు వస్తేనే తెరుచుకునే గుహ

మా ఎదురు ఫ్లాట్ మాస్టారు పోయారు. ఆ రోజు ఆఫీసులో నేను క్యారేజీ మూత తీస్తుండగా వాళ్ళావిడ, నేను ఆంటీ అని పిలిచే ఆవిడ, ఫోన్ చేశారు. సాయంత్రానికి ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేస్తున్నామని చెప్పడానికేమో అనుకున్నాను. "మీ మాస్టారిని ప్రభువు పిలుచుకున్నాడమ్మా" అన్నారు. ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. నేను "అలాగేనండీ" అన్నాను. అలాగేనండీ ఏమిటి, నా మొహం!

మాస్టారు పేపర్లో ఫొటో వేసేంత మనిషేం కాదు. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చెప్పి రిటైరై, గుణదలలో మా ఎదురుగా ఉండేవారు. ఆయనకో ఆట ఉండేది. ఎప్పుడో ఉద్యోగంలో ఉండగా ఆయనే రాసుకున్నది. ఒక గుహలో గది తర్వాత గది దాటుకుంటూ వెళ్ళడమే ఆట. దాన్లో బొమ్మల్లేవు, చప్పుళ్ళు లేవు. నల్లటి తెర మీద "ఎడమవైపు మెట్లు, కుడివైపు ఇనుప తలుపు" అని అక్షరాలు వస్తాయి. ఎటు వెళ్తామో మనం టైపు కొట్టాలి. అదీ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో. పాత తెరల మీద మన ఒత్తులు ఎక్కడివక్కడ విరిగిపడతాయని ఆయన బాధ.

"ఈ రోజుల్లో ఇదెవరాడతారండీ?" అని మొదట్లో అడిగాను.

"నువ్వు" అన్నారు.

ఆ ఆట ఏ మిషన్ మీదయినా నడవాలి. అదొక్కటే ఆయన పట్టుదల. పెన్ డ్రైవ్‌కి కరెంటు వైరు ముక్క కట్టి జేబులో వేసుకుని తిరిగేవారు. మా వీధి చివర జిరాక్స్ షాపులో అరిగిపోయిన కంప్యూటర్ ఒకటుంది. "ఒక్క ఐదు నిమిషాలు ఇవ్వవయ్యా" అని దాన్ని బతిమాలి తీసుకుని గంట కూర్చునేవారు. వెనక హాల్ టికెట్ల కోసం వచ్చిన పిల్లలు గోల పెట్టేవారు. ఆట తెర మీదికి రాగానే ఏదో పెళ్ళి కుదిర్చినంత సంబరంగా షాపతనికి టీ చెప్పేవారు. గన్నవరంలో ఉన్న మేనల్లుడి గృహప్రవేశానికి వెళ్ళి, భోజనాల బంతి వదిలేసి, వాళ్ళ కొత్త టీవీకి కీబోర్డు తగిలించారని ఆంటీ ఎప్పుడూ దెప్పేవారు.

ఆట నడవాలంటే ముందు దాన్ని కంపైల్ చేయాలి. అంటే మనిషి రాసింది మిషన్‌కి అర్థమయ్యేట్టు తయారు చేయడం. అది చేసే ముందు కాన్ఫిగ్ ఫైలు అని ఒకటుంటుంది. తెర వెడల్పెంత, రంగులు ఉండాలా వద్దా, ఆట మధ్యలో ఆపితే గుర్తుంచుకోవాలా అక్కర్లేదా, అన్నీ అందులో తేల్చి చెప్పాలి. తయారయ్యాక ఇక ఏదీ మారదు, మళ్ళీ మొదటినుంచి తయారు చేసుకోవాల్సిందే. ఆ ఫైలు తెరిచిన ప్రతిసారీ మాస్టారు ఇంట్లో అందరినీ అడిగేవారు. అందరూ అంటే నేనూ, ఆ ఆట ముఖమైనా చూడని ఆంటీనూ.

"ఏమోయ్, రంగులు ఉంచనా, తీసేయనా?"

"నన్నెందుకండీ అడుగుతారు, పోపు మాడిపోతోంది."

"తర్వాత అడిగితే నేనేం చెయ్యలేను. ఆవకాయ కలిపేటప్పుడే చెప్పాలి ఉప్పు సంగతి. జాడీకి గుడ్డ కట్టాక కాదు."

ఒకసారి నా లాప్‌టాప్‌లో తయారు చేస్తూ గుర్తుంచుకునే ఏర్పాటు పెట్టడం మరిచిపోయారు. పాలు పొంగుతున్నాయని నేను ఆపి వెళ్ళొచ్చేసరికి, ఆ సెలవురోజు పొద్దుటినుంచీ నడిచిన దారి మొత్తం పోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన మాత్రం "అయితే మళ్ళీ మొదటి గదినుంచి వెళ్దాంలే. తొందరేముంది మనకి?" అన్నారు. నిజంగానే ఉండేది కాదు. నేను ఆఫీసు నుంచి వచ్చి స్నానం చేసేసరికి ఆయన తలుపు తీసి ఉండేది. రెండు ఫ్లాట్ల మధ్య వరండాలో మ్యాట్ కిందుగా ఒక వైరు లాగారు. ఆయన కంప్యూటర్ దగ్గర ఆయన, నా దగ్గర నేను. "ఏమ్మా, వస్తున్నావా?" అని గట్టిగా కేకేసేవారు.

ఆ ఫైల్లోనే ఒక అంకె ఉండేది. ఎంతమంది వస్తే గుహ తెరవాలి అని. అక్కడ రెండు అని ఉండేది. రెండో మనిషి వచ్చేదాకా ఆట మొదలవదు. మా అమ్మ పోయిన కొత్తలో మాస్టారు తలుపు కొట్టి, "ఈ దిక్కుమాలింది ఒక్కడికి తెరుచుకోవడం లేదమ్మా. మీ ఆంటీకేమో పట్టదు. కాస్త నువ్వొస్తావా?" అని అడిగారు. రిటైరైన మనిషి, పొద్దుపోక అవస్థ పడుతున్నారు పాపం అనుకుని వెళ్ళాను. అలా వెళ్ళడం అలవాటై ఇన్నేళ్ళు గడిచాయి. నా రోజు మొత్తంలో ఇంకో మనిషితో మాట్లాడే గంట అదే. ఆఫీసులో మాట్లాడేది ఇన్సూరెన్స్ పాలసీల గురించి, అది లెక్కలోకి రాదు.

సమాధి కార్యక్రమం అయింది. ప్రార్థనలు అయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. ఆయన కంప్యూటర్ మీద ఆంటీ దుప్పటి కప్పారు. నేను నా దాన్లో ఆట తెరిస్తే, "రెండో మనిషి కోసం ఆగాను" అని వచ్చి ఊరుకుంది. మర్నాడూ అంతే. తెర మీద ఆటని రెండు కిటికీల్లో తెరిచి రెండో మనిషిగా కూడా నేనే వెళ్ళొచ్చు. చేసి చూశాను కూడా. నేను నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే ఇంకో నేను గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. భయమేసి మూసేశాను.

ఫైల్లో ఉన్న ఆ రెండు అంకెని ఒకటిగా మారిస్తే చాలు, నా గంట నాకు దక్కుతుంది. ఎలా చేయాలో ఆయనే నేర్పారు. కానీ చెయ్యి రాలేదు. ఆయన లేరని ఇంకెవరో చెప్పడం వేరు, నేనే అంకె వేసి చెప్పడం వేరు. ఆ అంకె మార్చనా అని చివరికి ఆంటీని అడిగాను. ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తకుండా అన్నారు.

"ముందు అక్కడ ఒకటే ఉండేదమ్మా. ఆయనొక్కరే ఆడుకునేవారు. మీ అమ్మ పోయాక మార్చారు. రోజుల తరబడి అన్నానికి లేవకుండా టైపు కొట్టారు. ఏంటండీ ఇది అంటే, ఎదురింటి పిల్ల చీకటి పడినా లైటు వేసుకోవడం లేదు, దాన్ని ఇటు రప్పించాలి అన్నారు. నువ్వు ఒకటి పెట్టుకో అమ్మాయ్. ఆయనేమీ అనుకోరు."

నేనేమో ఆయనకు తోడు వెళ్తున్నాననుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను. ఆ మాట ఆయనతో ఒక్కసారైనా చెప్పుకోవడానికి ఇప్పుడు మనిషి లేరు.

ఇంటికొచ్చి ఫైలు తెరిచాను. రంగులు ఉంచనా అని ఎవరినీ అడగలేదు. రెండు తీసి ఒకటి వేశాను, కంపైల్ చేశాను, తప్పులేమీ రాలేదు. గుహ వెంటనే తెరుచుకుంది.

"మీరిద్దరూ గుహ ముందు నిలబడి ఉన్నారు" అని వచ్చింది.

ఒక గది దాటాను. "మీ ఇద్దరికీ చలి వేస్తోంది." ఇంకో గది. "మీరిద్దరూ ఒకరి వెనక ఒకరు వంగి నడవాలి." నేను మార్చింది ఒక్క అంకె. మాటలన్నీ ఆయన ఒక్కొక్కటే కూర్చుని కొట్టినవి, అవి ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇన్నేళ్ళు చదివాను, పక్కన మనిషి ఉండగా వాటినెప్పుడూ పట్టించుకోలేదు. తెర మసకబారితే కళ్ళు తుడుచుకుని ముందుకు వెళ్ళాను. చీకటి గది వచ్చింది.

"దీపం ఎవరు పట్టుకుంటారు?" అని అడిగింది.

"నేను" అని కొట్టాను.

"అయితే రెండోవారు ముందు నడవండి" అంది. ఆ వాక్యం కింద కర్సర్ వెలుగుతూ ఆరుతూ ఉంది. నేను దీపం పట్టుకుని అక్కడే నిలబడ్డాను.