బాలనర్సయ్య బార

బాలనర్సయ్య మా ఇంట్లో కుర్చీలో కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. పదకొండేళ్లుగా వస్తున్నాడు. మొదట టీవీ కేబుల్ వేశాడు, తరవాత ఇంటర్నెట్ వైరు వేశాడు. ఎప్పుడొచ్చినా మా ఆవిడ పుణ్యవతి "కాసేపు కూర్చోవయ్యా, మంచినీళ్లు తాగు" అంటుంది. నిలబడే తాగుతాడు. గ్లాసు కింద పెట్టేసరికే ఒక కాలు గుమ్మం బయట ఉంటుంది. "కూసుంటే కాళ్లు గుంజుతయమ్మా" అంటాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి.

మణికొండ ఇంకా ఊరుగా ఉన్న రోజుల్లో అతని తండ్రి బావులకు తాళ్లు పేని అమ్మేవాడట. రెండు చేతులూ బారచాపితే ఒక బార. తాడైనా ఇంకేదైనా ఆ లెక్కే. కొడుకు వైర్లలోకి వచ్చినా కొలత మారలేదు. ఏ ఇంటికి ఎన్ని బారలు పట్టిందో అతని నాలుక చివర ఉంటుంది. "కింద డాక్టరమ్మది ఇర్వై నాలుగు, మీ మీదోళ్లది పందొమ్మిది, మీది ఇర్వై రెండు." మీటర్లలో చెప్పమంటే విసుక్కుంటాడు. "మీటర్ ఆటోకుంటది సార్. నాకెందుకు?"

రెండేళ్ల కిందట చందానగర్‌లో నిచ్చెన మీది నుంచి పడి కుడి భుజం విరగ్గొట్టుకున్నాడు. మూడు నెలలు దవాఖాన చుట్టూ తిరిగి మళ్లీ పనిలో చేరాడు. అప్పటినుంచి అతనికో కొత్త ఫిర్యాదు మొదలైంది. "గీ కొత్త వైరు ముడుసుకుంటంది సార్. కోసినప్పుడు ఒక లెక్క, గుంజినంక ఒక లెక్క." నిరుడు మా ఇంటి వైరు మార్చినప్పుడూ అంతే అయింది. పై చివర చాలక ఒక ముక్క అతికాడు. మేడ మీది నుంచి వైర్లు దిగే సందులో పడింది ఆ అతుకు. ఆ సందంతా ఎలుకల రాజ్యం. ఈ ఏడాదిలో మూడుసార్లు అక్కడే తెగింది. ఇంట్లోంచి పనిచేసే మా అమ్మాయి ప్రవీణ మూడుసార్లూ మీటింగు మధ్యలో మాయమైంది.

మూడోసారి తెగాక నేను కేబుల్ ఆఫీసుకు వెళితే రాకేశ్ నా ఎదుటే అతనికి తేల్చి చెప్పాడు. వాళ్ల నాన్న దగ్గరనుంచి వ్యాపారం అందుకున్న కుర్రాడు, మర్యాదగానే చెప్పాడు. "ఈసారి ఇనుప కవచమున్న వైరు ఇస్తున్నా బాలనర్సన్నా. సార్ ఇంటికెల్లి ఇంకొక్క కంప్లైంట్ వస్తే ఇగ నిచ్చెన దిగు. ఆఫీసుల కూసొని ఫోన్లెత్తు."

బయటికొచ్చాక బాలనర్సయ్య అన్నాడు, "అది నౌకరీ కాదు సార్, జైలు."

ఆ గురువారం ఉదయం పదింటికే వచ్చాడు. ఇంట్లో నెట్ లేదని ప్రవీణ ఆఫీసుకు వెళ్లింది. భుజాన నల్లటి వైరు చుట్ట. దాన్ని దించకుండానే మాట్లాడుతున్నాడు.

"సూడుండ్రి సార్. నడుమ వెంట్రుక లెక్క గాజు. దానిమీద స్ప్రింగు లెక్క ఇనుము. ఎలుక కొరికితే దాని పండ్లే రాలుతయ్."

"ఎలక్కి పండ్లెక్కడివయ్యా, తోటా?" అంది పుణ్యవతి వంటింట్లోంచి.

"మీ దిక్కు పళ్లు, మా దిక్కు పండ్లు. కొరికే ఎలుకకు ఫరక్ లేదమ్మా." అతను నా వైపు తిరిగాడు. "ఇంకో ముచ్చట సార్. ఇనుము ముడుసుకోదు. పొద్దుగాల నేనే కోసిన. ఇర్వై రెండు బారలు, లెక్క."

అతను మేడకూ మా మూడో అంతస్తుకూ మధ్య ఎన్నిసార్లు తిరిగాడో లెక్కపెట్టడం మానేశాను. చేతిలో పుస్తకం ఉంది కాని పేజీ కదల్లేదు. అతని అడుగుల చప్పుడు మెట్ల మీద ఆగితే నేను తల ఎత్తేవాణ్ని, మొదలైతే మళ్లీ ఎత్తేవాణ్ని. పన్నెండున్నరకు వైరు బాల్కనీ దాటి హాల్లోకి వచ్చింది, కప్పు అంచు వెంట కొంత దూరం సాగింది. ప్రవీణ గది గుమ్మం దగ్గర ఆగిపోయింది.

బాలనర్సయ్య లాగాడు. రాలేదు. మేడ ఎక్కి చూసొచ్చాడు. ఎక్కడా చిక్కుకోలేదు.

"గోడ ఏమన్న జరిపిండ్రా సార్?"

"గోడలు జరుపుకోడానికి మేమేమన్నా రాజులమటయ్యా?" అంది పుణ్యవతి.

అతను నవ్వలేదు. గుమ్మం నుంచి ప్రవీణ బల్ల దాకా నడిచాడు, వెనక్కి నడిచాడు. పదమూడు అడుగులు ఉంటుంది. సంచిలోంచి వైరు అతికే యంత్రం తీశాడు, మళ్లీ లోపల పెట్టాడు, మళ్లీ తీశాడు. హాలు పైకప్పుకు కొట్టించిన అట్టల వెనక అతుకు వేస్తే ఎవరికీ కనపడదు. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అతుకు దగ్గర ఇనుము ఉండదనీ ఇద్దరికీ తెలుసు.

"ఇనుము ముడుసుకోదు గద సార్," అన్నాడు, నన్ను అడుగుతున్నట్టు.

మిగిలిన పాత వైరు ముక్క ఒకటి నేల మీద ఉంటే తీసుకుని ఊరికే చేతులు చాపాడు. ఒకటి. రెండు. నేను వేళ్లు చూస్తున్నాను. పుణ్యవతి మోచెయ్యి చూసింది. రోజూ పూల మనిషితో మూర దగ్గర తగవు పడే మనిషి ఆవిడ. కొలిచే చెయ్యి ఎక్కడ వంగుతుందో ఆవిడ కన్ను దాటిపోదు.

"ఉండవయ్యా. నీ కుడిచెయ్యి పూర్తిగా చాపట్లేదు."

"చాపిన గదమ్మా."

"చాపాననుకుంటున్నావు. అద్దంలో చూసుకో."

బట్టలు కుట్టే టేపు తెచ్చింది. అతను చేతులు చాపి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. టేపు ఒకసారి మొత్తం అయిపోయి ఇంకా ఐదు అంగుళాలు వచ్చింది. అయిదడుగుల అయిదు అంగుళాలు.

"ఆరడుగులు ఉండె," అన్నాడు. "నా పెండ్లినాడు మా నాయిన కొలిచిండు."

చేతులు దించలేదు. కుడి మోచేతిని ఇంకొంచెం చాపబోయాడు. ముఖంలో నొప్పి కనిపించింది కాని చెయ్యి కదల్లేదు. బారకు ఏడు అంగుళాల చొప్పున ఇరవై రెండు బారలు నేను మనసులో హెచ్చవేశాను. పన్నెండడుగుల పది అంగుళాలు. పైకి చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయింది, అతను గుమ్మం నుంచి బల్ల దాకా ఉన్న నేలను చూస్తున్నాడు.

అప్పుడే ఫోను మోగింది. స్పీకర్ నొక్కి కిటికీలో పెట్టాడు.

"అయిందా అన్నా?" రాకేశ్.

"కాలే. తక్కువ కోసిన."

"మళ్ల ముడుసుకుందా?" అవతల ఎవరో నవ్వారు.

"ముడుసుకున్నది వైరు కాదు రాకేశ్. నా చెయ్యి."

అవతలి నవ్వు ఆగింది. "సరే, ఏం ఫికర్ చెయ్యకు. కప్పుల జాయింట్ కొట్టి రా. ఎవడు సూస్తడు?"

"ఎలుక సూస్తది." అతను నావైపు తిరిగాడు. "సార్, ఆరడుగుల బారలు ఇర్వై రెండు. మీటర్లల్ల ఎంత?"

"నలభై, కాస్త పైన."

"నలబై ఒకటి కోసి పంపు రాకేశ్. టేపు పెట్టి కొయ్యమను."

"నువ్వు మీటర్లు చెప్తున్నవా?"

"చెప్తున్న. ఇంకోటి ఇను. రెండేండ్ల సంది పాత ఇండ్లకు యాది మీద కోసినయన్ని గిట్లనే. తక్కువ వడితే వైరును తిట్టి ముక్క అతికిన. గవన్ని తెగుతయ్."

రాకేశ్ గొంతు తగ్గింది. "అన్నా, ఇగ నువ్వు ఆఫీసుల కూసో."

"కూసుంట. గవి మార్చినంక కూసుంట."

"ఎన్నున్నయి?"

"లెక్క తీస్త," అని పెట్టేశాడు.

మూడింటికి కొత్త చుట్ట వచ్చింది. ఒక్క అతుకు లేకుండా మేడ నుంచి ప్రవీణ బల్ల దాకా లాగి, మూరన్నర మిగిల్చాడు. ఇంటర్నెట్ డబ్బా మీద పచ్చ దీపం వెలిగింది. పుణ్యవతి టీ పెట్టేలోపు సంచి సర్దేశాడు.

"సార్, రాత మీది మంచిగుంటది. గా ఇండ్ల పేర్లు జర రాసిపెట్టుండ్రి."

అతను గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్పాడు, నేను రాశాను. కమాను పక్క ఆంజనేయులు ఇల్లు. కల్లు కాంపౌండు వెనక పింకీ బ్యూటీ పార్లరు. మా మీది వాటా సోమేశ్వరరావు గారు. పదకొండు అయ్యాయి. "గంతే" అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

రెండో అంతస్తు మెట్ల మీది నుంచి కేక వినిపించింది. "సార్! భూలక్ష్మి టైలరమ్మది మర్చిపోయిన!"

నేను ఇంకో కాగితం తీశాను. బాల్కనీలోంచి చూస్తే బండి స్టార్ట్ చేశాడు, గేటు దాటి ఆపాడు, తల పైకెత్తాడు.

"కూకట్‌పల్లిల రెండున్నయ్ సార్! రాస్తున్రా?"

"రాస్తున్నానయ్యా, చెప్పు!"

వెనక కారు హారన్ కొడుతోంది. అతను చేత్తో దాన్ని ఆగమని, ఇంకో పేరు చెప్పాడు.